పొలం పీతని ఇంట్లో పెంచాలంటే: ముందు అది ఏ పీతో చూడండి, తర్వాత గట్టు కట్టండి

తొలకరి పడిందంటే చాలు, నా ఫోన్‌కి పీతల ఫొటోలు రావడం మొదలవుతుంది. "బావా, మా చేలో దొరికింది, చేపల తొట్టిలో వేశా, రెండు రోజులుగా ఏమీ తినట్లేదు" అని ఒకరు. "అన్నా, ఎండ్రికాయ తొట్టిలోంచి మాయమైంది, ఇల్లంతా వెతుకుతున్నాం" అని ఇంకొకరు. రెండిటికీ కారణం ఒకటే. పీతని చేపలా పెంచుదామనుకున్నారు.

మా గోదావరి వైపు పీత అంటాం, తెలంగాణలో ఎండ్రికాయ అంటారు. పేరు ఏదైనా మన వరిమళ్ళలో తిరిగే ఈ జీవి సగం నీళ్ళలో, సగం గట్టులో బతుకుతుంది. దాన్ని నిండా నీళ్ళున్న గాజు తొట్టిలో వేసి, పైన లైటు పెట్టి, రంగురాళ్ళు పోస్తే అది చేసేది ఒక్కటే, బయటికి పోయే దారి వెతకడం. నా మొదటి పీత అలాగే ఫిల్టర్ గొట్టం పట్టుకుని పైకి పాకి వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఫ్రిజ్ వెనక ఎండిపోయి దొరికింది. అప్పటి నుంచి నేను అక్వేరియం కట్టడం మానేసి, అక్వేరియంలో పొలంగట్టు కట్టడం మొదలుపెట్టాను.

ఒకటో అడుగు: దొరికింది ఏ పీత?

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా వృథా. సముద్రపు పీత, మడ అడవి పీత, పొలం పీత పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ వాటికి కావలసిన నీళ్ళు వేరు. మంచినీళ్ళలో జీవితమంతా గడిపేది పొలం పీత ఒక్కటే.

ముందు ఎక్కడ దొరికిందో గుర్తు చేసుకోండి. సముద్రానికి దూరంగా ఉన్న చెరువు, వరిమడి, బోదె, వాగు అయితే అది మంచినీటి పీతే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం లాంటి తీర ప్రాంతాల్లో కాలువల్లో దొరికితే మాత్రం స్థలాన్ని నమ్మొద్దు. పోటుతో పాటు ఉప్పునీరు, దానితో పాటే పీతలు చాలా లోపలికి వస్తాయి. అక్కడ ఒంటినే చూడాలి.

వెనక కాళ్ళు చూడండి. డెక్కలు (ముందుండే పట్టకారుల్లాంటి కాళ్ళు) కాకుండా పీతకి నాలుగు జతల నడిచే కాళ్ళుంటాయి. ఆఖరి జత చివర తెడ్డులా బల్లపరుపుగా ఉంటే అది ఈదే పీత. మండపీత, సముద్రంలో దొరికే చుక్కల పీత ఈ జాతివే. ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, అది మీ మంచినీళ్ళ తొట్టికి పనికిరాదు. ఆఖరి కాళ్ళు కూడా మిగతా వాటిలా మొనదేలి ఉంటేనే ముందుకెళ్ళండి.

తర్వాత డొప్ప అంచు. మండపీత డొప్పకి కంటి పక్క నుంచి వెనక్కి రెండువైపులా రంపంలా తొమ్మిదేసి పళ్ళుంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. పొలం పీత డొప్ప ఉబ్బెత్తుగా, నున్నగా, అంచులు గుండ్రంగా ఉంటుంది. కంటికి కొంచెం వెనక చిన్న మొన ఒకటి కనిపిస్తే కనిపిస్తుంది, అంతే. చిన్న మండపీత పిల్లని పొలం పీత అనుకుని తెచ్చేవాళ్ళు తీర ప్రాంతాల్లో చాలామంది. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మా బావమరిది చేపల బజారులో బతికున్న పిల్ల ఒకటి ఇస్తే మురిసిపోయి తొట్టిలో వేశాను, నెల తిరక్కుండానే పోయింది. వెనక కాలు ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

కళ్ళు, డొప్ప ఆకారం కూడా సాక్ష్యం చెబుతాయి. కళ్ళు అగ్గిపుల్లల్లా పొడవాటి కాడల మీద నిలబడి, ఒక డెక్క మాత్రం ఒంటికి మించినంత పెద్దదిగా ఉంటే అది మడ అడవుల బురదలో డెక్క ఊపుతూ కనిపించే మగ పీత. ఆడదానికి రెండు డెక్కలూ చిన్నవే, దాన్ని కళ్ళ కాడలని బట్టే పట్టాలి. డొప్ప చదరంగా పెట్టెలా ఉండి, కళ్ళు ముందరి రెండు మూలల్లో ఉంటే అది కూడా మడ పీతే. అక్వేరియం షాపుల్లో రెడ్ క్లా క్రాబ్ పేరుతో అమ్మే ఎర్ర డెక్కల చిన్న పీత ఈ రకమే. షాపులో మంచినీళ్ళలో పెట్టి అమ్ముతారు గానీ దానికి ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. లీటరుకి 5 నుంచి 10 గ్రాముల సముద్రపు ఉప్పు, అదీ అక్వేరియం షాపులో దొరికే మెరైన్ సాల్ట్ వాడాలి, వంటింటి ఉప్పు కాదు.

రంగుని నమ్మకండి. ఒకే గట్టు మీద పసుపు గోధుమ రంగుది, నల్లటిది, ఊదా మెరుపుది దొరుకుతాయి. వయసు, మట్టి, కుబుసం విడిచి ఎన్నాళ్ళయింది అన్నదాన్ని బట్టి రంగు మారుతుంది.

ఇంతవరకు వస్తే మీ చేతిలో ఉన్నది మంచినీటి పీత. ప్రపంచంలో ఇలాంటివి 1,300కు పైగా జాతులున్నాయి, మన దేశంలోనే వందకు పైగా ఉన్నాయి. ఆంధ్ర పొలాల్లో బాగా కనిపించేది ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర పరిశోధకులు దశాబ్దాలుగా పరిశోధనలు చేసింది ఈ పీత మీదే. తెలంగాణ వైపు బారిటెల్ఫ్యూసా అనే ఇంకో రకం కూడా దొరుకుతుంది. జాతి పేరు కచ్చితంగా చెప్పాలంటే మగ పీత పొట్ట రేకు కింద ఉండే జత అవయవాలని భూతద్దంలో చూడాలి, అది నిపుణుల పని. పెంపకానికి అంత అక్కర్లేదు. తెలుసుకోవాలని ఉంటే పైనుంచి, ముఖం వైపు నుంచి, పొట్ట వైపు నుంచి, ఆఖరి కాలు దగ్గర నుంచి నాలుగు ఫొటోలు తీసి, జీవులని గుర్తించడానికి సాయపడే వెబ్‌సైటు ఐనాచురలిస్ట్‌లో పెట్టండి. ఊరికే పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఆడో మగో తేల్చడం తేలిక. తిరగేసి పొట్టకి అంటుకుని ఉండే రేకు చూడండి. మగదానికి సన్నగా, తలకిందులు చేసిన టీ అక్షరంలా ఉంటుంది. ఎదిగిన ఆడదానికి వెడల్పుగా గుండ్రంగా పొట్టంతా కప్పేస్తుంది. ఆడదై ఉండి రేకు ఉబ్బి, సందులోంచి గుడ్లో పిల్లలో కనిపిస్తే దాన్ని తేవద్దు, దొరికిన చోటే వదిలేయండి. సముద్రపు పీతల్లా వీటికి నీళ్ళలో కొట్టుకుపోయే లార్వా దశ ఉండదు. గుడ్డులోంచి నేరుగా చిన్న పీతలే వస్తాయి, కొన్నాళ్ళు తల్లి పొట్ట కిందే ఉంటాయి. తల్లిని తెచ్చారంటే ఆ సంసారమంతా తెచ్చినట్టే.

రెండో అడుగు: పట్టడం, తేవడం

బొరియలో చెయ్యి పెట్టకండి. ఊళ్ళో పిల్లలు పెడతారు, మేమూ పెట్టాం, అది మా తెలివి కాదు, అదృష్టం. పీత ఖాళీ చేసిన బొరియలో పాము ఉండొచ్చు. రాత్రి టార్చిలైటు వేసుకుని మడి అంచు వెంట నడిస్తే పీతలు బయటే తిరుగుతూ దొరుకుతాయి. వెనక నుంచి డొప్పకి రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు వేసి పట్టుకోండి, డెక్కలు అక్కడికి అందవు. కాలు పట్టి లాగితే కాలు చేతికొస్తుంది. ఆపదలో అది కాలు తనే వదిలేస్తుంది. తర్వాత కుబుసాల్లో మళ్ళీ మొలుస్తుందనుకోండి, కానీ వచ్చీ రాగానే దానికి ఆ కష్టం ఎందుకు.

పట్టేముందు ఆ చేను రైతుని అడగండి: మందు కొట్టి ఎన్ని రోజులైంది? పదిహేను రోజుల లోపు అయితే అక్కడ పట్టకండి. పీత పురుగులకి చుట్టమే, పురుగుమందు దాన్నీ చంపుతుంది. పైగా నారు మొదళ్ళు కొరుకుతుందని, గట్లకి బొక్కలు పెట్టి నీళ్ళు పోగొడుతుందని పీతలకే విషం పెట్టే రైతులున్నారు. పీత కష్టాలు పీతవి అని ఊరికే అనలేదు. ఇంకో మాట, కొల్లేరు, కోరింగ, పులికాట్ లాంటి అభయారణ్యాల హద్దుల్లో అనుమతి లేకుండా ఏ జీవినీ పట్టకూడదు, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందకి వస్తుంది.

ఇక తేవడం. అందరూ చేసే తప్పు బకెట్లో నాలుగంగుళాల నీళ్ళు పోసి అందులో వేయడం. ఎండలో బస్సు ప్రయాణంలో ఆ నీళ్ళలో ప్రాణవాయువు అయిపోతుంది, పీత ఊపిరాడక పోతుంది. పొలం పీత మొప్పలు తడిగా ఉంటే చాలు, గాలిలోనే బతుకుతుంది. మూతకి చిల్లులు పెట్టిన డబ్బాలో తడి గోనెపట్టా లేదా తడి గడ్డి వేసి, ఒక్కో డబ్బాలో ఒక్క పీతనే పెట్టండి. రెండు పెడితే ఇంటికి ఒకటిన్నర చేరతాయి.

మూడో అడుగు: తొట్టిలో గట్టు

పీతని తేకముందే ఇది సిద్ధంగా ఉండాలి. ఒక్క పీతకి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి బాగా సరిపోతుంది. చేపలకి లీకయ్యే పాత తొట్టి అయినా ఫరవాలేదు, లీకు ఉన్న వైపు మట్టి పోసుకోవచ్చు. పగుళ్ళు మాత్రం ఉండకూడదు.

తొట్టి మధ్యలో అడ్డంగా 15 సెంటీమీటర్ల ఎత్తు గాజు ముక్కని అక్వేరియం సిలికాన్‌తో అంటించండి. స్నానాల గదికి వాడే ఫంగస్ నిరోధక సిలికాన్ వద్దు, అందులో మందులుంటాయి. రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. ఇప్పుడు తొట్టికి రెండు గదులు. ఒకటి మడి, ఒకటి గట్టు.

గట్టు వైపు మట్టి నింపాలి. ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. ఉత్త ఇసుక పోస్తే బొరియ తవ్వగానే కూలిపోతుంది. ఉత్త రేగడి పోస్తే ఆరినప్పుడు బీటలు తీస్తుంది. నాకు కుదిరిన పాళ్ళు: రెండు వంతులు బంకమట్టి, ఒక వంతు కడిగిన ఏటి ఇసుక. మట్టి ఎరువు వెయ్యని, మందు కొట్టని చోటు నుంచి తేవాలి. కుమ్మరి దగ్గర దొరికే మట్టి బంగారం. తడిపి, పిసికి, పొరలు పొరలుగా చేత్తో అదుముతూ గాజు అంచు దాకా నింపండి, గట్టు వేసేటప్పుడు కాలితో తొక్కుతారే, అలాగ. పైన ఒక మూల వేలు దూరేంత బొక్క మీరే పెట్టి వదిలేస్తే మిగతాది అది చూసుకుంటుంది. పక్కన విరిగిన బంగాళా పెంకు ఒకటి బోర్లించండి. నేను కొన్న ఖరీదైన కొబ్బరిచిప్ప గుడిసెని మా పీత ఒక్కరోజు కూడా తొంగి చూడలేదు, పెంకు కిందకి మాత్రం మొదటి రాత్రే చేరింది.

మడి వైపు అడుగున రెండు సెంటీమీటర్ల కడిగిన ఇసుక, పైన 10, 11 సెంటీమీటర్ల నీళ్ళు. సుమారు 15 లీటర్లు పడుతుంది. నీళ్ళలోంచి గట్టు మీదకి ఎక్కడానికి ఇటుక ముక్కలతో మెట్లు కట్టండి, మెట్టు కదలకూడదు, పీత కింద నలిగిపోతుంది. చిన్న స్పాంజ్ ఫిల్టర్, దానికో ఎయిర్ పంపు. మొక్కలు నాటితే తెల్లారేసరికి పీకి పెడుతుంది, బదులుగా గుప్పెడు అజొల్లా (నీటి మీద తేలే చిన్న మొక్క) వదలండి. నీళ్ళూ బాగుంటాయి, అదీ తింటుంది.

మూత గురించి రెండుసార్లు చెప్పినా తక్కువే. గాలి గొట్టం, వైరు, ఫిల్టర్ మూల, ఏది దొరికినా దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ప్లాస్టిక్ దోమతెర వేస్తే డెక్కతో కత్తిరిస్తుంది. స్టీలు జాలీ ఫ్రేముకి బిగించి, పైన ఇటుక పెట్టండి. గొట్టం వచ్చే సందు పీత డొప్ప కన్నా సన్నగా ఉండాలి.

ఇంత చేసే ఓపిక లేనివాళ్ళకి చిన్న దారి ఉంది. తొట్టి అంతా మట్టి నింపి, మధ్యలో నాలుగు లీటర్ల ప్లాస్టిక్ బేసిన్ అంచుదాకా పాతిపెట్టి, లోపల రాళ్ళు పేర్చి నీళ్ళు పోయండి. ఫిల్టర్ అక్కర్లేదు, రోజు మార్చి రోజు బేసిన్ తీసి కడిగి కొత్త నీళ్ళు పోస్తే చాలు. చూడ్డానికి అందంగా ఉండదు. పీతకి ఆ పట్టింపు లేదు.

నాలుగో అడుగు: నీళ్ళు

బోరునీళ్ళు కాస్త ఉప్పదనం, సున్నం ఉన్నవైతే మనం తిట్టుకుంటాం, పీతకి మాత్రం అవే మేలు. డొప్ప గట్టిపడడానికి కాల్షియం కావాలి. ఆర్వో నీళ్ళు పోయకండి, వాటిలో ఖనిజాలు దాదాపు మిగలవు. మున్సిపల్ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి వెడల్పు బకెట్లో ఒకరోజంతా ఉంచాలి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. పీహెచ్ 7 నుంచి 8 మధ్య, వేడి 24 నుంచి 30 డిగ్రీలు. మన ఇళ్ళలో హీటర్ అక్కర్లేదు.

ఫిల్టర్ పెట్టిన మర్నాడే పీతని దించకండి. పీత మలం, మిగిలిన తిండి కుళ్ళి అమ్మోనియా తయారవుతుంది. దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా స్పాంజిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పీత ముందే వచ్చేసిందా, అప్పటిదాకా రోజూ మూడో వంతు నీళ్ళు మార్చండి, వేరే దారి లేదు. తర్వాత నాలుగు రోజులకోసారి 5 లీటర్లు తీసి పోస్తే సరిపోతుంది.

రాగి విషయంలో జాగ్రత్త. పీత రక్తంలో ప్రాణవాయువుని మోసేది రాగి ఉన్న పదార్థమే, మనకి ఇనుములాగ. కానీ నీళ్ళలో కరిగిన రాగి కొంచెం ఎక్కువైనా అది మొప్పలని దెబ్బతీస్తుంది. కాబట్టి రాగి బిందెలో నిలవ ఉన్న నీళ్ళు పోయకండి. చేపలకి వచ్చే తెల్లమచ్చ జబ్బు మందుల్లో కొన్నిటిలో మైలుతుత్తం (రాగి కలిసిన మందు) ఉంటుంది, ఆ మందు వాడిన తొట్టి, నెట్టు కూడా వద్దు. అలాగే తొట్టి ఉన్న గదిలో బొద్దింకల స్ప్రే కొట్టడం, దోమల లిక్విడ్ మెషిన్ పెట్టడం మానేయాలి. ఎయిర్ పంపు ఆ గాలినే పీల్చి నీళ్ళలోకి కొడుతుంది.

ఐదో అడుగు: తిండి

ఇది తేలిక. ఏదైనా తింటుంది. ఉడికించిన బఠాణీ, పాలకూర, బచ్చలి, క్యారెట్ ముక్క, ఎండిన బాదం ఆకు, వారానికి రెండుసార్లు వానపాము, నత్త లేదా ఉప్పు వెయ్యని ఎండు రొయ్య. చీకటి పడ్డాక బఠాణీ గింజంత ముద్దలు రెండు మూడు వేసి, పొద్దున్నే మిగిలింది తీసేయాలి. కొత్తలో మూడు నాలుగు రోజులు ముట్టకపోతే టెన్షన్ పడకండి, భయం తీరాక తింటుంది. కాల్షియం కోసం పక్షుల షాపులో దొరికే సముద్రపు నురగ (కటిల్ బోన్) ముక్క ఒకటి గట్టు మీద ఎప్పుడూ ఉండనివ్వండి. లేకపోతే కడిగి ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకు.

చేపలతో కలిపి పెంచొచ్చా అని అందరూ అడుగుతారు. పెంచొచ్చు, చేపలు ఉన్నన్నాళ్ళు. పగలు స్నేహంగానే ఉంటుంది, రాత్రి నిద్రపోయే చేప తోక పట్టుకుంటుంది. ఇంకో పీత అయితే అసలే వద్దు, ఒకటి కుబుసం విడిచి మెత్తగా ఉన్న రాత్రి రెండోది దాన్ని తినేస్తుంది.

ఆరో అడుగు: కుబుసం

పెంపకంలో ఎక్కువ పీతలు పోయేది ఇక్కడే, అదీ మన ఆత్రం వల్లే. పీత డొప్ప పెరగదు, పెరగాలంటే పాతది విడవాలి. చిన్నవి తరచూ విడుస్తాయి, ఎదిగినవి అరుదుగా. ముందు తిండి మానేస్తుంది, బొరియలోంచి రాదు, డొప్పకీ పొట్ట రేకుకీ మధ్య వెనక వైపు గీత విచ్చుకుంటుంది. అప్పుడు తొట్టిని వదిలేయండి. కెలకొద్దు, ఎత్తి చూడొద్దు.

ఒక పొద్దున్న తొట్టిలో కదలని పీత కనిపిస్తుంది. మా అమ్మ చచ్చిపోయిందనుకుని తీసి పారేసింది, సాయంత్రానికి పెంకు కింద నుంచి అసలు పీత బయటికొచ్చింది! అమ్మ పారేసింది విడిచిన డొప్ప. తేడా ఇలా పట్టండి: విడిచిన డొప్ప తేలిగ్గా ఉంటుంది, వెనక వైపు పెట్టె మూతలా తెరుచుకుని లోపల ఖాళీగా ఉంటుంది, వాసన రాదు. చచ్చిన పీత గంటల్లోనే కంపు కొడుతుంది. విడిచిన డొప్పని తీయకండి, అందులోని కాల్షియం కోసం పీత దాన్నే తింటుంది. కొత్త డొప్ప గట్టిపడడానికి వారం, పది రోజులు. అప్పటిదాకా చేత్తో పట్టుకోకూడదు.

పెంచలేకపోతే

కొన్నాళ్ళు ఉంచుకుని తిరిగి వదిలేద్దామనుకుంటే మొదటి నుంచీ ఆ ఏర్పాటుతోనే పెంచాలి. షాపు చేపల నీళ్ళు, మొక్కలు, నెట్టు ఏవీ తగలకుండా ఉన్న పీతని పట్టిన గట్టు దగ్గరే వదలాలి, దగ్గర్లో ఉన్న చెరువులో కాదు. రొయ్యల చెరువుల వైపు అసలే వద్దు. రొయ్యలని చంపే తెల్లమచ్చ వైరస్‌ని పీతలు మోసుకెళ్ళగలవు. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల చుట్టూ మోకాలెత్తు ప్లాస్టిక్ కంచె కనిపిస్తుందే, అది పీతలు రాకుండా కట్టిందే. షాపు సామానుతో కలిసిన పీత అయితే ఇక మీదే. కూర చేద్దామా అని ఇంట్లో అడుగుతారు. తొట్టిలో ఎప్పుడైనా మందు వేసి ఉంటే వద్దు. పొలం పీతని ఎవరు వండినా బాగా ఉడికించే తినాలి, పచ్చిగా, సగం ఉడికిన పీత తింటే ఊపిరితిత్తుల్లో చేరే పురుగు ఒకటుంది. పెంచేవాళ్ళు తొట్టిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కుంటే చాలు.

ఎండాకాలం సంగతి ఒకటి మిగిలింది. మార్చి చివర్లో మా పీత బొరియ మూతికి లోపలి నుంచి మట్టి అడ్డు పెట్టేసుకుంటుంది. పొలం ఎండినప్పుడు గట్టులో చేసేదే ఇక్కడా చేస్తోంది. మొదటి ఏడు భయపడి తవ్వాను, బొరియ కూలి ఒక కాలు పోగొట్టుకుంది. ఇప్పుడు తవ్వను. తొట్టిని ఎండ తగలని మూలకి జరిపి, రెండు రోజులకోసారి గట్టు మీద గ్లాసుడు నీళ్ళు చిలకరిస్తాను, మట్టి నొక్కితే వేలిముద్ర పడేంత తడి ఉండాలి. వేడి మరీ పెరిగితే గడ్డకట్టించిన నీళ్ళ సీసా ఒకటి మడిలో నిలబెడతాను. మృగశిర కార్తె దగ్గర పడ్డాక గట్టు బాగా తడిసేలా చెంబుడు నీళ్ళు పోసి, దీపం ఆర్పి, ఒక ఎండు రొయ్యని బొరియ ముందు పెట్టి పడుకుంటాను. రొయ్య కనపడకుండా పోవడానికి ఒక రాత్రి పట్టొచ్చు, వారం పట్టొచ్చు.